పసిబిడ్డల చెవితమ్మె చీము పట్టినప్పుడు

మన యిండ్లలో బిడ్డకు చెవులు కుట్టించుట యొక వేడుక. కొందఱు బారసాలనాడే యీ పని ముగింతురు. కొందఱు మూడవ మాసమువఱకో, అయిదవ మాసమువఱకో ఆగుదురు. పెక్కండ్రు పుట్టువెండ్రుకలు తీయించుటకై తిరుమలకో, అన్నవరమునకో, యాదగిరిగుట్టకో పోయినప్పు డక్కడనే యీ ముచ్చటయు తీర్చుకొని వత్తురు. మేనమామ బిడ్డను తొడమీద కూర్చుండబెట్టుకొనును; కంసాలి బంగారుతీగ మొనను తమ్మెలో దూర్చి పోగు చుట్టివేయును; బిడ్డ కెవ్వున నేడ్చును; అమ్మమ్మ బెల్లము నాకించును. అంతటితో అందఱును నవ్వుకొనుచు భోజనములకు లేతురు. ఆ వెనుక నాలుగైదు దినములకు గాని, ఒక్కొక్కప్పుడు నెల గడచిన పిమ్మట గాని, బిడ్డ చెవితమ్మె యెఱ్ఱబడి, వాచి, రసియో చీమో కాఱ నారంభించును. రాత్రివేళ ఆ ప్రక్కకు తిరిగి పరుండలేక బిడ్డ మేల్కొని యేడ్చును. ఇంటనున్న నలుగురును నాలుగు మందులు చెప్పుదురు. ఆ నాలుగింటిని వరుసగా తమ్మెకు పట్టించి, అయిదవనాడు వైద్యునియొద్దకు పరుగెత్తుట చాల యిండ్లలో జరుగుచున్న సంగతియే. నడుమ పోయిన ఆ నాలుగు దినములనుగూర్చి మే మిచ్చట వ్రాయదలచితిమి.

తల్లి మొదట తెలిసికొనవలసినది యేమనగా, చెవి యంతయు నొక్క పదార్థముతో నైనది కాదు. తమ్మెను రెండు వ్రేళ్ళనడుమ పట్టుకొని నొక్కి చూడుడు: మెత్తగా లొంగును. అందున్నది చర్మమును, కొవ్వును, వానిలో సమృద్ధిగా పాఱు సన్నని రక్తనాళములును మాత్రమే. వ్రేళ్ళను కొంచెము పైకి జరుపుడు: వంచినను మరల లేచి నిలుచు బిరుసైన పదార్థము తగులును. దానిని వైద్యులు మృదులాస్థి యందురు. తమ్మెకు నెత్తురు పుష్కలముగా వచ్చును గనుక అచ్చటి చిన్న పుండు త్వరగా మానును. మృదులాస్థికి తనదైన రక్తనాళములు లేవు; పైన కప్పియున్న పలుచని పొరనుండియే దానికి పోషణము రావలెను. చీము చేరి ఆ పొర లేచిపోయినచో లోపలి మృదులాస్థి పస్తుపడి చచ్చును. చెవి ముడుచుకొనిపోయి యెన్నటికిని మునుపటి రూపమునకు రాదు. ఈ భేదము నెఱిగిన తల్లికి ఏ చెవిని ఇంట చూచుకొనవచ్చునో, ఏ చెవిని ఆ పూటనే వైద్యునికి చూపవలెనో సగము తెలిసినట్లే.

ఈ విషయమున మన పూర్వులు మిక్కిలి జాగరూకులు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున పదునాఱవ యధ్యాయము చెవులు కుట్టుటకును, తెగిన చెవుల నతుకుటకును సంబంధించినది. బిడ్డకు ఆఱవ మాసమున గాని యేడవ మాసమున గాని చెవి కుట్టవలెననియు, వైద్యు డెడమచేత చెవిని లాగి పట్టుకొని సూర్యకాంతి యే తావున చొచ్చి కనబడునో అచ్చటనే సూదిని తిన్నగా దింపవలెననియు అం దున్నది. వెలుతురు చొచ్చు తావనగా పెద్ద నాళములు లేని పలుచని చోటు. ఆ చోటు తప్పినయెడల కాళిక, మర్మరిక, లోహితిక యను సిరలు గాయపడి జ్వరము, మంట, వాపు, నొప్పి కలుగునని చెప్పి, సూది మొద్దుదైనను, రంధ్రమున నుంచు వత్తి మోటైనను వాపు వచ్చునని కూడ హెచ్చరించినారు. అట్టియెడ వత్తిని తీసివేసి, పుండు మానిన పిదప మరల కుట్టుమని విధించినారు. అనగా వాపునకు కారణమును సూదియందును చేతియందును వెదకినారేగాని దృష్టిదోషమున వెదకలేదు. చెవి చీము కాఱుచుండగా ఉప్పు మిరపకాయలు దిగదుడిచి నిశ్చింతగా నుండు మనకు ఇది కొంత సిగ్గు కలిగింపవలసిన మాటయే.

నేడు మనకు తెలిసినంతవఱకు తమ్మె చీము పట్టుటకు ముఖ్యకారణము స్టెఫిలోకాకస్ అను సూక్ష్మజీవి. అది యెక్కడనుండియో వచ్చి పడునది కాదు. మన చర్మముమీదను, ముక్కులోను, గోళ్ళసందులలోను కాపురముండునదే. పాపము, నొప్పిగా నున్నదా యని జాలిపడి ముట్టి చూచు ప్రతిచేతితోడను అది లోనికి పోవుచుండును. కుట్టిన తమ్మె మానుటకు సుమా రాఱు వారములు పట్టును. అంతవఱకు ఆ రంధ్రము పచ్చిపుండే. మొదటి రెండు మూడు దినములు కొలది యెఱుపు, కొలది వాపు, ఎండి పక్కుకట్టు నీళ్ళవంటి రసి కనబడుట మానుదలలో భాగమే. దానికి వెఱవ నక్కఱలేదు. తగ్గుచు వచ్చిన వాపు మరల హెచ్చుట, బిడ్డ ముట్టనీయకుండుట, తమ్మె వెచ్చగా తగులుట, పసుపుపచ్చని చీము, దుర్వాసన యనునవి కనబడినప్పుడు చెవి చీము పట్టినదని గ్రహింపవలెను.

ఇక నింటివైద్యముల మాట. అవి యన్నియు నొక్కటి కావు గనుక అన్నిటిని ఒక్కగాట కట్టి నిందింపము. కొబ్బరినూనెలో పసుపు కలిపి పట్టించుట యన్నిటికంటె హెచ్చుగా వాడుకలో నున్నది. పసుపునకు సూక్ష్మజీవుల నడచు గుణము కొంత కలదని ప్రయోగశాలలలో చూచినమాట నిజమే. కాని పోపులపెట్టెలోని పసుపులో తడిచేయి యెన్నిమాఱులు పడినదో యెవ్వ రెఱుగుదురు? మఱియు ఆ నూనెపసుపు ఎండి, గట్టి పెచ్చయి, రంధ్రమునకు మూతవలె కూర్చుండును. లోపలి చీమునకు దారి లేకపోవును. చర్మ మంతయు పచ్చబడుటచే ఎఱు పెంతవఱకు ప్రాకినదో కనబడదు. వైద్యుడు మొదట ఆ పెచ్చు నూడ్చుటకే బిడ్డను ఏడిపింపవలసివచ్చును. చనుబాలు పిండుటవలన మిగులునది తీయని తడి మాత్రమే. సున్నము పసిచర్మమును కాల్చును. నమిలి పెట్టు ఆకుపసరులో ఆకుకంటె నోటి యెంగిలి హెచ్చు. అన్నిటికంటె భయంకరములు పేడయు, పిడకబూడిదయు, మట్టియు. ధనుర్వాతమును పుట్టించు బీజములు పశువుల పేడలోను, నేలదుమ్ములోను ఏండ్లతరబడి చావక యుండును. కాలిన బూడిద శుద్ధమే కదా యని వాదించు పెద్దలు కలరు. పొయ్యిలో కాలినంతవఱకు అది శుద్ధమే కావచ్చును. పొయ్యినుండి చెవివఱకు వచ్చు దారి శుద్ధము కాదు.

చదువుకొన్నవారి యిండ్లలో మూఢత్వము మఱియొక రూపమున నుండును. అచ్చట బూడిదకు మారుగా స్పిరిటు, హైడ్రొజను పెరాక్సైడు వాడుదురు. పెరాక్సైడు పోయగానే పొంగు తెల్లని నురుగును చూచి మందు పనిచేయుచున్నదని సంతోషింతురు. ఆ నురుగు చీమునుండియే కాదు, మానుచున్న క్రొత్త కండనుండియు వచ్చును. పూటపూటకు వీనిని పోయుచుండిన పుండు మానుట ఆలస్యమగును, బిడ్డ మంటతో కేకలు వేయును, మఱునాడు తల్లి గిన్నెతో దగ్గఱకు వచ్చుట చూచియే పాఱిపోవును.

చేయవలసిన పని నిజమునకు మిక్కిలి స్వల్పము. నీళ్ళు తెరల కాచి చల్లార్చి, గోరువెచ్చగా నుండగా పావులీటరు నీటికి పావు టీచెంచాడు ఉప్పు కలుపవలెను. ఉప్పు హెచ్చయినచో మంట పుట్టును. హెచ్చుగా వేసిన హెచ్చుగా మేలనుకొనరాదు. తల్లి గోళ్ళు తీసికొని, చేతులు సబ్బుతో కడుగుకొని, ఉడకబెట్టి యార్చిన మెత్తని నూలుగుడ్డను గాని, మందుల దుకాణమున దొరకు గాజుగుడ్డను గాని ఆ నీటిలో ముంచి, పిండి, వేడి తన మణికట్టుమీద చూచుకొని, తమ్మెకు ముందువైపును వెనుకవైపును కలిసివచ్చునట్లు అయిదు నిమిషములు కాపడముగా పట్టియుంచవలెను. పక్కు నానిన పిమ్మట మెల్లగా తుడిచిన నదియే వచ్చును, గోటితో గిల్లరాదు. చాలమంది ముందువైపు తుడిచి ఊరకుందురు, కాని చీము వెనుకవైపుననే నిలుచును. దూది వాడవలదు, దాని పీచు పోగునకు చుట్టుకొని లోన చిక్కుకొనును. తరువాత పొడిగుడ్డతో తడి యద్దవలెను. ఒక చెవికి వాడిన గుడ్డను రెండవ చెవికి తాకింపరాదు. ఇట్లు దినమునకు మూడుమాఱులు చేయవలెను. పసిబిడ్డ పాలు త్రాగుచు నిదురకు తూగు సమయము దీనికి మిక్కిలి యనుకూలము. మానినట్లు కనబడిన పిదపను రెండు మూడు దినములు విడువరాదు.

దీనితోపాటు, ఆ కొలదిదినములు తలకు నూనె రాచుట మానవలెను. నూనె జాఱి చెవిమీదికి వచ్చును, దానికి దుమ్ము అంటును. దిండుగలీబు దినదినము మార్చవలెను. తలలో పేలున్నచో వాని సంగతి వెంటనే చూడవలెను. తల గోకిన గోరు తరువాత చెవికే పోవును. పోగును పట్టుకొని రంధ్ర మతుకుకొనిపోవునేమో యని మాటిమాటికి త్రిప్పుట మనవారి కలవాటు. చీముపట్టిన తమ్మెలో త్రిప్పిన ప్రతిమాఱును ఎండిన పక్కు లోపలి క్రొత్తచర్మమును గీరును.

పోగు తీయవలెనా వలదా యనునది తల్లులందఱు నడుగు ప్రశ్న. సహజముగా తోచునది తీసివేయవలెననియే. ముల్లు గ్రుచ్చుకొన్నచోట ముల్లు తీయమా యని యందురు. కాని యిచ్చట పరిస్థితి వేఱు. తమ్మె మాత్రమే వాచి, పోగు రంధ్రములో వదులుగా కదలుచున్నయెడల దానిని అట్లే యుంచుట మేలు. పోగుండుటచే రంధ్రము తెఱచియుండి చీము వెలికి వచ్చుచుండును. తీసిన కొన్ని గంటలలోనే క్రొత్త రంధ్రపు నోరు మూసికొనును. లోపల చీము చిక్కి సెగగడ్డయగును. అప్పుడు కోసి తీయవలసివచ్చును. తీయవలసిన సందర్భము లేకపోలేదు. పోగు వాపులో కూరుకొనిపోవుచున్నను, నాలుగు పూటలు కడిగినను చెవి తగ్గుముఖము పట్టకున్నను, దాని లోహము సరిపడలేదని యనుమానము కలిగినను తీయవలసినదే. అయితే మొదటి రెండింటిలోను వైద్యుడే చూచి తీయుట క్షేమము.

కూరుకొనిపోవుటను గూర్చి కొంచెము విపులముగా చెప్పవలెను, ఏలయన నేడిది యెక్కువగుచున్నది. పూర్వము వేయు తీగపోగు వలయాకారముగా నుండి తమ్మె వాచినను చోటిచ్చుచుండెను. ఇప్పు డెల్లరును చిన్నదుద్దులు పెట్టించి, ఎక్కడ జాఱిపోవునో యని వెనుక శీలను గట్టిగా బిగించుచున్నారు. బంగారము పోవునను భయము సహజమే. కాని బిగించిన శీలకును చర్మమునకును నడుమ సందు లేకున్న గాలి చొరదు, తడి ఆఱదు, నెత్తురు తిరుగదు. వాపు మొదలైనంతనే తమ్మె శీలను మ్రింగివేయును. ఒకనాటి యుదయమున చూచిన వెనుకవైపున శీల కనబడదు. ముందువైపున దుద్దు గుంటలో నున్నట్లుండును. అట్టి చెవిని ఇంటిలో నొక్కి, పిసికి, శీలను వెలికి త్రోయ యత్నింపరాదు. కంసాలియొద్దకు కొనిపోయి పట్టకారుతో లాగించుటయు తగదు. వైద్యుడు మొద్దుబాఱు సూదిమందు వేసి నిమిషములలో తీసివేయును. దుద్దు పెట్టించునపుడే తమ్మెకును శీలకును మధ్య కొంచెము ఎడముండునట్లు పొడవైన కాడగలదానిని ఎన్నుకొనిన యీ బాధ చాలవఱకు తప్పును.

చీము కాకయే చీమువలె కనబడు వ్యాధి యొకటి కలదు. రెండు తమ్మెలును ఒక్కమాఱు ఎఱ్ఱబడి, నొప్పికంటె దురద హెచ్చుగానుండి, పొట్టు లేచి, రసి యూరుచుండినచో అది పెక్కుసారులు నికెలు అను లోహము సరిపడకపోవుటచే వచ్చునది. పూతనగలలోను, చవుకబాఱు గిల్టునగలలోను ఈ లోహము తఱచుగా నుండును. 22 కారెట్ల బంగారమున వేయిపాళ్ళకు 916 పాళ్ళు బంగారమే. తక్కిన భాగము సాధారణముగా రాగియు వెండియు. కావున మేలిమినగ పెట్టిన చెవికి ఈ బాధ యరుదు. బిడ్డకు మొదటినుండి బంగారము పెట్టి, పెద్దదైన పిదప జాతరలో కొన్న జుంకీలు పెట్టగనే చెవులు పుండ్లయిన యెడల ఉప్పునీటిమీదనే యాధారపడక జుంకీలు తీసివేయవలెను.

ఇప్పుడు మొదట చెప్పిన ఎల్లకు మరల వత్తము. తమ్మె బాగుగనే యుండి, దానిపైని బిరుసుభాగము ఎఱ్ఱగా వాచి, ముట్టిన బిడ్డ విలవిలలాడినచో అది మృదులాస్థి పొరకు చీము పట్టుట. ఇది సూడోమొనాసు అను వేఱొక సూక్ష్మజీవివలన తఱచుగా కలుగును. తడి తావులును, నిలువనీళ్ళును దాని నివాసములు. సాధారణముగా పుండ్లకిచ్చు మందులు పెక్కింటికి అది లొంగదు. తమ్మె చీమును రెండు దినములు ఇంట చూచి చూడవచ్చును. దీనికి ఒక్క పూటయు గడువు లేదు. పూర్వము మన ముత్తవ్వలు పైచెవికి బావిలీలు పెట్టుకొనెడివారు. నడుమ పోయిన ఆ యలవాటు నేడు కళాశాలల బాలికలలో క్రొత్త పేర్లతో మరల వచ్చినది. దుకాణములలో పిస్తోలువంటి పనిముట్టుతో పైచెవిని పొడిపించుకొనుచున్నారు. ఆ పనిముట్టు దెబ్బకు మృదులాస్థి నలుగును. అందు పెక్కింటిని ఆవిరిలో కాచి శుద్ధిచేయుటకును వీలులేదు. ఈడువచ్చిన పిల్లల ముచ్చటను కాదనుట కష్టమని మే మెఱుగుదుము; పైచెవి కుట్టించుకొన్న పిల్ల రెండవనాడు చెవి వేడెక్కినదని చెప్పినప్పుడు మందలించుచు కాలము గడపక వెంటనే చూపించుట మాత్రము తల్లి చేతిలోని పని.

తమ్మె విషయముననైనను ఈ క్రింది చిహ్నములు కనబడిన ఆగరాదు. ఎఱుపు తమ్మెను దాటి చెంపమీదికో మెడమీదికో ప్రాకుట; 100.4 డిగ్రీల ఫారన్‌హీటునకు తక్కువకాని జ్వరము. చెవిక్రింద బిళ్ళకట్టి మెడ త్రిప్పలేకుండుట. బిడ్డ పాలు మాని మబ్బుగా పడియుండుట. రెండు దినములు సరిగా కడిగినను తగ్గకుండుట. మూడు మాసములు నిండని శిశువునకు చెవి వాచినచో జ్వరము వచ్చువఱకు చూడనే కూడదు. చెవి వెనుకనున్న యెముకమీద వాపు లేచి చెవి ముందుకు త్రోయబడినట్లు కనబడిన అది తమ్మె వ్యాధి కానేకాదు. నడిమి చెవినుండి చీము ఎముకకు ప్రాకినదని శంకించి ఆసుపత్రికి పోవలెను.

మందుల దుకాణమున నడిగి తెచ్చి పూయు మలాములనుగూర్చి యొకమాట. సూక్ష్మజీవులనణచు మలామును వైద్యుడు వ్రాసియిచ్చినచో కడిగి ఆఱిన తమ్మెకు పలుచగా పూయవచ్చును. కాని దుకాణదారు లిచ్చు మలాములలో పెక్కింటియందు స్టెరాయిడు కలిసియుండును. అది పూసిన యొకనాటికి ఎఱుపు తగ్గును, ఇంటివారు మెచ్చుకొందురు. లోపల సూక్ష్మజీవి మాత్రము అడ్డములేక పెరుగుచుండును. ఇంటిలో నెవరికో ఇచ్చి మిగిలిన మాత్రలను బిడ్డకు అరగదీసి పోయుట ఇంకను చెడ్డపని. వైద్యు డేడు దినములు మం దిమ్మన్నచో మూడవనాటికి వాపు తీసినను ఏడు దినములును ఇయ్యవలెను.

ధనుర్వాతపు భయము మునుపటంత లేదు. తల్లులకును అప్పుడు పుట్టిన శిశువులకును వచ్చు ధనుర్వాతము మన దేశమున ప్రతి జిల్లాయందును వేయి జననములకు ఒక్కటికంటె తక్కువైనదని 2015వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపఱచినది. ఇది టీకాలవలన కలిగిన మేలేగాని వ్యాధిబీజము నేలనుండి పోయినదని కాదు. ప్రభుత్వము వారు బిడ్డకు 6, 10, 14 వారముల వయస్సున వేయు టీకాలో ధనుర్వాతమునకును, కామెరలు తెచ్చు హెపటైటిస్-బి వ్యాధికిని రక్షణ కలదు. ఒకే సూదితో నలుగురి చెవులు కుట్టినచో రెండవ వ్యాధియు నొకరినుండి యొకరికి రావచ్చును. కావున బారసాలనాడు తొందరపడక, మూడు టీకాలును వేయించిన పిమ్మట చెవులు కుట్టించుట యుక్తము. సుశ్రుతుడు చెప్పిన ఆఱవ మాసము దీనికి చక్కగా కుదురును. బామ్మగారికి ఈ మాట చెప్పి యొప్పించుట టీకాల మాట చెప్పి యొప్పించుటకంటె సులువు. కుట్టువాడు కంసాలియైనను వైద్యుడైనను చేతులు కడుగుకొని, క్రొత్త సూదినో, మన యెదుట ఉడికించిన తీగనో వాడవలెను. తీగను దీపపు మంటలో చూపి మసిబాఱిన మొనతోనే పొడుచుట పనికిరాదు. తీర్థక్షేత్రమున కుట్టించినయెడల స్నానము ముందు చేయించి, చెవి ఆఱిన తరువాత కుట్టింపవలెను; కుట్టిన చెవితో కోనేట మునుగుట తగదు.

చీము పట్టి, పోగు తీసివేయగా రంధ్రము పూడిపోయినచో, పండుగ వచ్చుచున్నదనియో పెండ్లి యున్నదనియో ఆ పచ్చిలోనే మరల పొడిపింపవలదు. తమ్మెను వ్రేళ్ళతో నొక్కిన గట్టిగింజ తగులకుండ పూర్తిగ మెత్తబడువఱకు, తక్కువలో తక్కువ కొన్ని మాసము లాగవలెను. పాతమచ్చమీద గాక దానికి ప్రక్కగా, వెలుతురునకు పట్టి చూచి కుట్టింపవలెను. మచ్చ నానాటికి పెరిగి నున్నని గడ్డవలె లేచినచో, లేదా తల్లిదండ్రులలో నెవ్వరికైన అట్టి మచ్చలు లేచు తత్త్వ మున్నచో, రెండవమాఱు కుట్టించుటకు ముందు చర్మవైద్యుని కొకసారి చూపించవలెను.